కొడగు ఇండ్లలో తుపాకి

కొడగుసీమ యనగానే మనవారికి కాఫీతోటలును, కావేరి పుట్టిన తలకావేరియు స్ఫురించును. అచటి కొడవల యిండ్లలో తుపాకికి గల స్థానము తల్లిదండ్రులు తెలిసికొనదగినది.

1861లో కమిషనరు మార్కు కబ్బను కొడగువారిని ఆయుధ నిషేధ శాసనమునుండి మినహాయించెను. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆ మినహాయింపును 2029 వఱకు పొడిగించినది. కొడవలును, జమ్మా భూములు గలవారును లైసెన్సు లేకయే తుపాకి నుంచుకొనవచ్చును.

అయినను అది పిల్లల యాటవస్తువు కాదు. వరినాట్ల కాలమున ఆయుధములను పూజాగదిలో నుంచి తాకకుండుట పూర్వాచారము. నాట్లు ముగిసిన పిదప, సెప్టెంబరు ఆరంభమున వచ్చు కైల్‌పొళ్దు పండుగనాడు వానిని శుభ్రపఱచి, అడవినాభి పూలతో నలంకరించి పూజింతురు. పెద్దలు హితవు చెప్పి యువకుల చేతి కిత్తురు. ఆ తరువాతనే చెట్టుపై కట్టిన టెంకాయలకు గుఱిచూచు పందెములు. మగబిడ్డ పుట్టినపుడు ఒక్కసారియు, మరణమున రెండుసార్లును ఆకాశమునకు కాల్చుదురు. ఆడబిడ్డకు ఈ మర్యాద లేకుండుట నాకు రుచింపదు. పందెములలో మాత్రము నేడు స్త్రీలును పాల్గొనుచున్నారు.

ఇట్టి యిండ్లనుండియే 1949లో ప్రథమ భారతీయ సర్వసేనాధిపతియైన కరియప్పయు, 1957 మొదలు 1961 వఱకు సేనను నడపిన తిమ్మయ్యయు వెడలిరి. లైసెన్సు లేని తుపాకివలన ప్రమాదము లేదనుట సాహసమే. పెద్దల యదుపు సడలినచో ఆచార మొక్కటియే కాపాడజాలదు. తిమ్మయ్య పుట్టిన మడికేరి యిల్లు 2021నుండి ప్రదర్శనశాలగా నున్నది. సెలవులలో పిల్లలకు చూపవచ్చును.