రహీమ్ సాబ్‌కు దొరికిన గడువు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఉన్న ఊళ్లలో కొత్త హెడ్ కోచ్ వస్తున్నాడంటే సందడి అంతా ఇంతా కాదు. ఇండియానా యూనివర్సిటీ జట్టు 2023లో మూడు ఆటలే గెలిచి తొమ్మిది ఓడింది. కొత్త కోచ్ కర్ట్ సిగ్నెట్టి వచ్చిన మొదటి ఏడాదే, 2024లో, పదకొండు గెలిచి రెండే ఓడింది. ఇక ప్రతి ఊరివాళ్లూ తమ కోచ్ దగ్గర అదే అద్భుతం ఆశిస్తారు. అలబామాలో అంత పేరు తెచ్చుకున్న నిక్ సేబన్ కూడా 2007లో, తొలి సీజన్‌లో, ఏడు గెలిచి ఆరు ఓడిన సంగతి చాలామందికి గుర్తుండదు. ఆయన అక్కడ తొలి జాతీయ టైటిల్ గెలిచింది 2009 సీజన్‌లో.

కొత్త కోచ్ నుంచి ఏం ఆశించాలి, ఎంత కాలం ఆగాలి? ఆట వేరైనా ఈ ప్రశ్నకు మన హైదరాబాద్‌లోనే ఒక జవాబుంది. ఆ జవాబు పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమాతో ఈ తరానికి ఆయన పేరు తెలిసింది. పాతబస్తీలో మాత్రం ఆయన ఎప్పటినుంచో రహీమ్ సాబే.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీమ్ ఉస్మానియాలో చదువుకున్నారు. వృత్తికి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. అంటే దేశ జట్టు చేతికి రావడానికి చాలా ముందే ఊళ్లో పిల్లలను ఆటలోకి తెచ్చే పని ఆయన మొదలుపెట్టారు.

ఆయన పెట్టిన పోటీల తీరు చూస్తే పంతులు బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది. కొన్ని పోటీల్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే తోటివాడికి ఇచ్చేయాలి. ఒంటరిగా బంతి నడిపించుకుపోతే గ్యాలరీ చప్పట్లు కొడుతుంది గానీ, దాన్ని పోగొట్టుకునేది కూడా ఎక్కువగా అక్కడే. ఇంకొన్ని పోటీల్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదట్లో ఆట నవ్వులపాలవుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ కుర్రాడికి రెండు కాళ్లూ వస్తాయి. ఇక బంతి ఏ పక్కనుంచి వచ్చినా శరీరం తిప్పుకోవాల్సిన పని ఉండదు, అర సెకను మిగులుతుంది. ఆ అర సెకనులోనే పాస్ పడిపోతుంది.

ఈ పద్ధతి ఫలితం ముందు ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో కనిపించింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్‌దే. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు కూడా మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చుకున్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో రహీమ్ శిక్షణలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది.

ఆ మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, చలిలో, చాలామంది బూట్లు లేకుండానే ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. ఈ రోజుల్లో అయితే ఆ రాత్రికే కోచ్‌ను ఇంటికి పంపమని గోల మొదలయ్యేది. తర్వాతి సంవత్సరాల్లో ఇతర కోచ్‌లూ వచ్చారు గానీ, 1956 మెల్‌బోర్న్‌కు మళ్లీ రహీమ్‌నే పంపారు. అక్కడ నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచాం. చివరికి నాలుగో స్థానం.

ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహ్మద్, జుల్ఫిఖారుద్దీన్ లాంటి హైదరాబాదీలతో పాటు సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టే ఆయన చేత మార్పించుకుని ఆడిన కుర్రాడు. సెలక్షన్‌కు సికింద్రాబాద్ నుంచి రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకు రహీమే ఇచ్చారని బలరాం చెప్పేవారు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్‌ను క్యాన్సర్ పట్టుకుంది. గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా, చుట్టూ మనవాళ్లంటే గిట్టని జనం. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టి 2-1తో స్వర్ణం తెచ్చారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్‌లో, రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. 1965-66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్‌కు ఆ తర్వాత ఆ కప్పు దక్కలేదు.

మొన్నటి సంగతీ చూద్దాం. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్‌లో అట్టడుగున నిలిచింది. తర్వాత వచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్లను నమ్ముకుని రెండో సీజన్‌లోనే, 2022 మార్చిలో, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చాడు. కోచ్‌గా అంతకంటే ఏం చేయాలి? కానీ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది, ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. కప్పు వచ్చింది గానీ బడి పిల్లల నుంచి పైకి వచ్చే దారి పడలేదు.

అందుకే కొత్త కోచ్‌ను మొదటి ఏడాది అడగాల్సింది ఎన్ని గెలిచావని కాదు. కింది వయసు పిల్లలకు ఏం నేర్పిస్తున్నావు, డబ్బులేని కుర్రాడు నీ మైదానానికి ఎలా వస్తున్నాడు, ఘోరంగా ఓడిన మరుసటి వారం ఏం మార్చావు అని అడగాలి. కోచ్‌ను పెట్టుకున్నవాళ్లనూ ఒకటి అడగాలి: జీతాలకు, మైదానానికి ఎన్నేళ్లకు సరిపడా డబ్బు పక్కన పెట్టారు?

అమెరికాలోని మన తెలుగు సంఘాలు ఏటా హైదరాబాద్‌లో సేవా కార్యక్రమాలు చేస్తూనే ఉన్నాయి. పాతబస్తీలో, ముఖ్యంగా బార్కస్ లాంటి చోట్ల, ఫుట్‌బాల్ మీద ఇష్టం ఇంకా ఉంది. ఒకరోజు టోర్నమెంటుకు ట్రోఫీ ఇచ్చి ఫొటో దిగే బదులు, అక్కడి ఒక ప్రభుత్వ పాఠశాలను ఎంచుకుని, ఒక కోచ్ జీతం, పిల్లలకు బూట్లు, రానుపోను ఛార్జీలు ఐదేళ్లపాటు మనం భరిద్దాం. ఆ ఐదేళ్లలో ఆ కోచ్‌ను కప్పు మాత్రం అడగొద్దు.