ప్రచారపు పరుగుకు కొలత ఎందుకు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ప్రక్కన విద్యుత్ కార్ల పందెం జరిగింది. 'ఫార్ములా ఇ' అనే ఆ పోటీకి నగర వీథులనే సుమారు 2.83 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చారు. పందెపు కార్లు పోటీలోనే గాక, ప్రకటనల చిత్రాలు తీయుటకు, ప్రజలకు చూపుటకు కూడా పరుగెత్తుతాయి. ఇంజనుకు విద్యుత్ మోటారు తోడైన ఫార్ములా వన్ కార్ల విషయంలో ఇట్టి వేడుక పరుగులకు కూడా కఠినమైన నియమాలు గలవు.

వేడుకకు నియమమెందుకు? పందెపు కారులో అనేక కొలత పరికరాలు అమర్చి ఉంటాయి. టైర్ల వేడి, బ్రేకుల వేడి, నూనె ఒత్తిడి, చక్రాల కదలిక మొదలైనవాటిని అవి క్షణక్షణం నమోదు చేస్తాయి. కావున కారు నడిచిన ప్రతి కిలోమీటరూ ఇంజనీర్లకు ఒక పాఠమే. పూర్వం ధనవంతులైన జట్లు ఏడాది పొడవునా కార్లను పరీక్షించేవి. ఖర్చు తగ్గించుటకు 2009 నుంచి పోటీల కాలంలో పరీక్షలను చాలవరకు నిషేధించారు. పరీక్షను కట్టడి చేసి ప్రచారాన్ని విడిచిపెడితే, పరీక్షయే ప్రచారం వేషంలో రాగలదు.

అందుచేత మొదటి కట్టుబాటు దూరంపై. చిత్రీకరణ వంటి ప్రచార కార్యక్రమానికి 2023 వరకు 100 కిలోమీటర్లే పరిమితి. 2024లో దానిని 200కు పెంచారు. బహిరంగ ప్రదర్శనకైతే 15 కిలోమీటర్లే. ఈ దూరాలను గ్రహించుటకు మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు పోయే దారిని కొలబద్దగా తీసికొనవచ్చును. అది సుమారు 60 కిలోమీటర్లు. 100 కిలోమీటర్లతో పోయి తిరిగి రావడం పూర్తికాదు. 200తో ఆ దారిని మూడుసార్లు దాటవచ్చును. 15తో మార్కాపురంలో బయలుదేరిన కారు కంభమైనా చేరదు.

రెండవ కట్టుబాటు టైర్లపై. ఈ కార్యక్రమాలకై ప్రత్యేకంగా చేసిన టైర్లనే వాడాలి. ఒకే బలపం మార్కాపురం పలకపై ఒక విధంగా, నున్నని గాజుపై మరొక విధంగా అరుగుతుంది. ఘర్షణ తాకే రెండు తలాలపైనా ఆధారపడుతుంది. టైరు మారితే నేలపై పట్టు మారుతుంది. పట్టు మారితే వేగపు లెక్కలు పోటీకి నేరుగా అక్కరకు రావు.

దూరం విలువ ఎంతటిదో 2013లో తెలియవచ్చింది. ఆ మే నెలలో బార్సిలోనాలో మెర్సిడెస్ జట్టు ఆ ఏటి కారుతోనే పిరెల్లి టైర్ల పరీక్షలో మూడు రోజులలో సుమారు 1,000 కిలోమీటర్లు నడిపింది. అది ప్రచారం కాదు, పరీక్షయే. ఇతర జట్లు అభ్యంతరం తెలిపాయి. జూన్‌లో అంతర్జాతీయ న్యాయమండలి మెర్సిడెస్‌ను, పిరెల్లిని మందలించి, యువ చోదకుల పరీక్షలో మెర్సిడెస్ పాల్గొనరాదని తీర్పు చెప్పింది.

పేరు ఏదైనను, కొలిచి నేర్చుకొనుటకు వీలిచ్చే పరుగు పరీక్షయే అవుతుంది. అందుకే నియమం కార్యక్రమం పేరును గాక, కిలోమీటర్లను, టైర్లను చూస్తుంది.