పుదుచ్చేరి వెలుగులో కుటుంబ చిత్రాల రంగులు

కుటుంబ ఫొటోలో తెల్లని పంచె నీలంగానో, ముఖాలు పచ్చగానో కనిపించడానికి కారణం సాధారణంగా కెమెరా చెడిపోవడం కాదు. వెలుగుకు తనదైన రంగు ఉండడం, మనిషి చూపు దానికి సర్దుకున్నంత చక్కగా కెమెరా సర్దుకోలేకపోవడమే అసలు కారణం. ఆ ఛాయను తొలగించి తెలుపును తెలుపుగా చూపే సవరణను వైట్ బ్యాలెన్స్ అంటారు. వెలుగు రంగును కెల్విన్ అనే ప్రమాణంలో చెబుతారు: సూర్యోదయపు కాంతి సుమారు 3,000, మధ్యాహ్నపు ఎండ 5,500, ఆరుబయటి నీడ 7,000 కెల్విన్లు, ఒక్కోసారి అంతకు మించి.

పుదుచ్చేరిలో ఈ తేడాలన్నీ ఒక్క రోజులోనే ఎదురవుతాయి. తూర్పు ముఖంగా ఉన్న ప్రొమెనేడ్ బీచ్‌లో ఉదయం ముఖాలపై బంగారు ఛాయ పడుతుంది. సాయంత్రం సూర్యుడు పట్టణం వెనక్కి వాలాక ఆకాశపు నీలిమే మిగులుతుంది కనుక కెమెరాలో ‘షేడ్’ అమరికను ఎంచుకుంటే చిత్రానికి వెచ్చదనం తిరిగి వస్తుంది. 1826లో నెలకొల్పిన బొటానికల్ గార్డెన్‌లో ఆకులగుండా వచ్చే కాంతి చర్మానికి ఆకుపచ్చదనం అద్దుతుంది. ఎడిటింగ్ యాప్‌లో ‘టింట్’ను మెజెంటా వైపు జరిపితే అది తగ్గుతుంది. వైట్ టౌన్‌లోని పసుపు గోడలు మాత్రం దగ్గరగా ఉన్న చెంపకే రంగు పులుముతాయి కాబట్టి, మొత్తం చిత్రాన్ని సవరించడం కంటే గోడకు కాస్త దూరంగా నిలబడడమే మేలు.

ముఖాలపై పడే వెలుగులోనే ఒక బూడిదరంగు కార్డును ఉంచి ముందుగా ఒక ఫొటో తీసుకుంటే, తరువాతి సవరణకు అదే కొలమానమవుతుంది. ఫొటోను ‘రా’ (కెమెరా ప్రాసెస్ చేయని) ఫైలుగా భద్రపరిస్తే నాణ్యత తగ్గకుండా రంగులు మార్చుకోవచ్చు. అయితే ఉదయపు బంగారు ఛాయను పూర్తిగా తుడిచివేయకూడదు. చర్మం సహజంగా కనిపించినంత వరకే సవరణ అవసరం.