మమ్మీని దాటి వెళితే అజంతా

సికింద్రాబాదులో కాపురం పెట్టి పాతికేళ్లు దాటినా, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు నేను వెళ్లేది ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడే. వూళ్లో వున్న వింత వూరివాడి కంటికి ఆనదు కదా! కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో మనవడు వచ్చి, "తాతయ్యా, మమ్మీని చూపిస్తావా లేదా?" అని పట్టుబట్టాడు. సరేనని స్టేషను దగ్గర బస్సెక్కి, టాంక్‌బండు గాలి పీల్చుకుంటూ నాంపల్లి వైపు వెళ్లాం.

చెట్ల నడుమ గుమ్మటాలతో ఠీవిగా నిలబడిన భవనం అది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1930లో, అందులో ప్రదర్శనశాల తెరిచారు.

జనమంతా మమ్మీ చుట్టూనే వున్నారు. రెండువేల ఏళ్లు పైబడిన ఈజిప్టు పిల్ల, అద్దాల పెట్టెలో పడుకుని వుంది. మావాడు మునివేళ్ల మీద నిలబడి చూసి, "ఇంతేనా!" అన్నాడు. వాణ్ణి వూరడించడానికి అజంతా చిత్రాల గదిలోకి తీసుకువెళ్లాను. అక్కడ మేమిద్దరం, స్టూలు మీద కూర్చున్న కాపలాదారు, అంతే.

గోడల నిండా రాజులూ, చెలికత్తెలూ, ఏనుగులూ. మావాడు ఒక పటం ముందు ఆగిపోయాడు. అందులో ఒక స్త్రీ ముఖం చక్కగా వుంది కాని, భుజం దగ్గర బొమ్మ తెగిపోయి బూడిదరంగు మచ్చ మిగిలింది.

"తాతయ్యా, ఈయన చెయ్యి వెయ్యడం మరిచిపోయాడు!"

"మరిచిపోలేదురా. గుహలో అక్కడ పెచ్చు వూడిపోయింది. వున్నది వున్నట్టు, లేనిది లేనట్టు వేశాడు."

వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను. 1819లో పులివేటకు వెళ్లిన ఇంగ్లీషు దొర జాన్ స్మిత్ కంట అజంతా పడింది. 1844లో కుంపిణీవారు రాబర్ట్ గిల్ అనే సైనికోద్యోగిని ఆ బొమ్మలకు నకళ్లు తీయమని పంపారు. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఆయన పడ్డ కష్టంలో చాలాభాగం, 1866లో లండన్ క్రిస్టల్ పాలెస్ అంటుకున్నప్పుడు బూడిదైపోయింది. తరువాత బొంబాయి చిత్రకళాశాల నుంచి గ్రిఫిత్స్ దొర శిష్యులతో వచ్చి, 1872 మొదలుకొని మళ్లీ వేయించాడు. వాటిలోనూ చాలా పటాలు 1885లో లండన్‌లోనే అగ్నికి ఆహుతయ్యాయి!

మూడోసారి 1909లో లేడీ హెరింగాం వచ్చింది. ఆమెకు సాయపడినవారిలో కలకత్తా నుంచి వచ్చిన నందలాల్ బోసుతో పాటు, మన హైదరాబాదు నుంచి వెళ్లిన సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ కూడా వున్నారు. 1914లో నైజాము ప్రభుత్వం పురావస్తుశాఖ పెట్టి గులాం యజ్దానీకి అప్పగించింది. 1920లో ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. వూడిపోతున్న పెచ్చులను వాళ్లు నిలబెట్టారు. కాని పైన పూసిన లక్క పూత పోనుపోను పసుపెక్కి రంగులను మసకబార్చింది. కాపాడబోయిన చెయ్యే కొంత చెరిపిందన్నమాట.

ఆ గదిలో మేము చూసిన పటాలు సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్‌లు వేసినవి. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు ఔరంగాబాదు జిల్లాతో పాటు అజంతా బొంబాయి రాష్ట్రానికి పోయింది. 1960 నుంచి మహారాష్ట్రది. గుహలు అటు వెళ్లాయి. ఈ పటాలు ఇక్కడ మిగిలాయి.

"నకలే కదా!" అని నేనూ అన్ని సార్లు దాటిపోయినవాణ్ణే. కాని గోడ మీది రంగు ఒకరోజు వున్నట్టు మరొకరోజు వుండదు. ఫలానా నాటికి ఇంత మిగిలి వుందని సాక్ష్యం చెప్పేది నమ్మకమైన నకలే. పోయిన చేతిని సొంతంగా కల్పించి అతికించడం ఆ చిత్రకారుడికి ఎంత పని? అలా చేసి వుంటే మనం మెచ్చుకునేవాళ్లం కూడా. కాని ఆ సాక్ష్యం చెడిపోయేది.

ఇంటికి వచ్చాక అమ్మమ్మ అడిగింది, "మమ్మీని చూశావుట్రా?" అని.

"చూశాలే. చెయ్యి లేని ఆవిడ బాగుంది," అన్నాడు మావాడు.