మీకు తెలుసా? కిడ్నాప్ వేరు, బందీగా పట్టుకోవడం వేరు

పేపర్లో 'కిడ్నాప్' అన్నా 'బందీ' అన్నా మనకు ఒకటే. పోలీసులకు మాత్రం కాదు. కబురు అందగానే వాళ్లు అడిగేది ఒకటే: మనిషి ఎక్కడున్నాడో తెలుసా, తెలియదా?

● తెలియకపోతే కిడ్నాప్. బాపట్లలో ఒక ఇంటికి ఫోన్ వచ్చిందనుకోండి: "మీవాడు మా దగ్గరున్నాడు, డబ్బు రెడీ చేసుకో." ఏ ఊరో, ఏ గదో తెలియదు. ఇక పనంతా గుట్టుగా సాగాలి. సెల్ టవర్ లొకేషన్ తీస్తారు, సీసీ కెమెరాలు చూస్తారు. ఇంటికి మఫ్టీలో వస్తారు, జీపు గుమ్మం ముందు ఆపరు. కిడ్నాపర్ల మనిషి వీధి చివర నిలబడి చూస్తూ ఉండొచ్చు.

అదే రేపల్లెలో ఒకడు కత్తి పట్టుకుని, ఇంట్లోవాళ్లను లోపలే ఉంచి తలుపు గడియ పెట్టుకుంటే? ఇది బందీగా పట్టుకోవడం: చోటు తెలిసిపోయింది, దాచేదేమీ లేదు. వీధికి రెండువైపులా అడ్డుకట్ట వేస్తారు, ఇరుగుపొరుగును ఖాళీ చేయిస్తారు. వాడితో ఒక్కరే మాట్లాడతారు, నిదానంగా. గంటలు గడిచేకొద్దీ వాడికి ఆకలేస్తుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఆవేశం దిగుతుంది. కిడ్నాప్‌లో ప్రతి గంటా భయమే. ఇక్కడ మాత్రం ఆలస్యమే చాలాసార్లు ప్రాణాలు కాపాడుతుంది.

● ఈ రెండు దశలూ మన రామాయణంలో ఉన్నాయి. సీతమ్మను ఎత్తుకుపోయిన తర్వాత చాలాకాలం ఆమె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చూసిన సాక్షి జటాయువు, దొరికిన ఆధారం ఋష్యమూకం మీద పడిన నగల మూట. నాలుగు దిక్కులకూ వెతకడానికి వానరుల్ని పంపారు. లంకలో ఉందని తేలాక కథ మారింది: ముట్టడి, అంగద రాయబారం, ఆ తర్వాతే యుద్ధం.

ఇంకో సంగతి. హనుమంతుడు సీతమ్మ ఇచ్చిన నగ, చూడామణి ఒక్కటే తేలేదు. వనవాసంలో ఆమెను పొడిచిన కాకి, కాకాసురుడి కథ కూడా తెచ్చాడు. అది రాముడికీ సీతకూ మాత్రమే తెలిసిన ముచ్చట. నగ ఎవరైనా లాక్కోవచ్చు, ఆ ముచ్చట మాత్రం ఆమె చెబితేనే తెలుస్తుంది. ఇవాళ పోలీసులు ఇంట్లోవాళ్లతో అడిగించేది సరిగ్గా ఇదే: "అమ్మమ్మ వాణ్ణి ఏమని పిలుస్తుందో అడిగి చెప్పండి." ఫేస్‌బుక్‌లో దొరకని ప్రశ్న కావాలి. జవాబు సరిగా వస్తే పిల్లాడు ప్రాణాలతో ఉన్నట్టు.

● మనిషిని ఎత్తుకుపోయి, పట్టి ఉంచి కోరికలు పెడితే, అడిగింది ఎవరినైనా మన చట్టంలో సెక్షన్ ఒకటే. 1993లో ఐపీసీలో చేర్చిన 364ఎ ఇది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 140(2). తండ్రిని డబ్బు అడిగినా, ప్రభుత్వాన్ని ఖైదీల విడుదల అడిగినా ఇదే వర్తిస్తుంది. శిక్ష మరణదండన లేదా యావజ్జీవం.

కానీ డబ్బు అడిగినంత మాత్రాన ఈ సెక్షన్ నిలబడదు. 2011లో హైదరాబాద్‌లో ఆరో తరగతి పిల్లాణ్ణి ఒక ఆటోడ్రైవర్ తీసుకుపోయి రెండు లక్షలు అడిగాడు. కింది కోర్టు యావజ్జీవం వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. చంపుతాననో, హాని చేస్తాననో బెదిరించినట్టు రుజువు కాలేదు, కాబట్టి అది మామూలు కిడ్నాప్ నేరమే అంది. అందుకే ఫోన్లో వాడన్న ప్రతి మాటా, వీలైతే రికార్డు చేసి, భద్రపరచడం అంత ముఖ్యం.

● ఎత్తుకుపోయినవాళ్లు జిల్లా దాటితే ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? తెనాలి గుంటూరు జిల్లా. రేపల్లె 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. పెనుమూడి దగ్గర వారధి దాటితే కృష్ణా జిల్లా. కారులో కాసేపట్లో మూడు జిల్లాల పోలీసుల పరిధి మారిపోతుంది. "మా పరిధి కాదు" అనే మాట ఇక చెల్లదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. 112కు ఫోన్ చేయడానికి పరిధితో పనే లేదు.

● బందీలు లోపలున్నప్పుడు బయటి కెమెరా కూడా ప్రమాదమే. 2008 ముంబై దాడుల్లో టీవీ ప్రత్యక్ష ప్రసారాలు లోపలున్న ఉగ్రవాదులకే ఉపయోగపడ్డాయని కసబ్ తీర్పులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లను లైవ్ చూపకూడదని 2015లో నిబంధన వచ్చింది. మన చేతిలోని ఫోన్ కూడా ఆ కెమెరాలాంటిదే. గోల వినగానే వీడియో తీయడానికి పరుగెత్తే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి, దయచేసి.

● కిడ్నాప్, బందీ రెండూ కలిసిపోయే సందర్భం కూడా ఉంది: చోటు తెలియదు, కోరికలు మాత్రం ప్రభుత్వం ముందు. 2011 ఫిబ్రవరిలో మల్కనగిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకుపోయినప్పుడు ఒడిశా ప్రభుత్వం గాలింపు ఆపింది. హరగోపాల్, సోమేశ్వరరావు లాంటి ప్రొఫెసర్లు మధ్యవర్తులుగా కూర్చున్నారు. ఎనిమిది రోజుల తర్వాత ఆయన బయటికొచ్చారు.

అంతకుముందు 1987 డిసెంబరులో, అప్పటి తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఐఏఎస్ అధికారులను ఎత్తుకుపోయింది. జైల్లోని నక్సలైట్లను ఎన్టీఆర్ ప్రభుత్వం వదిలాకే వాళ్లు తిరిగొచ్చారు. ఆ బందీల్లో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. పదేళ్ల తర్వాత ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు కలపడానికి పౌర స్పందన వేదికను ముందుండి నడిపించింది ఆయనే.