చెవులపిల్లీ, బట్టమేకా

మన సీమలో అడవికుందేలును చెవులపిల్లి అని కూడా అంటారు. నందికొట్కూరు దాపున రోళ్లపాడు గడ్డిబీళ్లలో దానికి ఇరుగుపొరుగుగా బతికిన పక్షి బట్టమేక పిట్ట. ఒకటేమో పాలిచ్చే జంతువు, రెండోది మీటరు ఎత్తున నిలబడే పక్షి. వీటికి పోలికేమిటయ్యా అంటారా? చాలా ఉంది.

పెంపుడు తెల్లకుందేలు బొరియలో ఉంటుంది, కళ్లు తెరవని పిల్లల్ని కంటుంది. మన చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డిదుబ్బు కింద పొట్ట ఆన్చి పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. బట్టమేకదీ ఇదే తీరు. గూడు లేదు, గుడ్డు వట్టి నేలమీదే. పొదిగిన పిల్ల త్వరలోనే తల్లి వెంట నడుస్తుంది. రెండూ మట్టిరంగునే నమ్ముకున్నాయి. గడ్డిలోనూ, వేరుశనగ చేలలోనూ మేస్తాయి. కుందేటికి మూడే కాళ్లని వాదించేవాళ్లను చూశాం గాని, బట్టమేక పాదానికి నిజంగానే మూడు వేళ్లు. వెనుక వేలు లేదు గనుక చెట్టుకొమ్మ పట్టి కూర్చోలేదు.

తేడా అంతా సంతానం లెక్కలో ఉంది. చెవులపిల్లి నెలన్నరకు ఈనుతుంది, ఏడాదిలో మళ్లీ మళ్లీ ఈనుతుంది. కుక్కలు, నక్కలు, రాత్రిపూట లైటు వేటగాళ్లు ఎన్ని తీసుకుపోయినా లోటు పూడుతుంది. బట్టమేక సాధారణంగా ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. నాలుగు వారాలు తల్లి ఒక్కతే పొదగాలి. ఈలోగా గొర్రెలమంద తొక్కినా, కుక్క ముట్టినా ఆ ఏడు పోయినట్టే. పైగా బరువైన పక్షి, ఎదుటి చూపు తక్కువ. కరెంటు తీగలు కనిపించేసరికి తప్పుకోలేదు.

రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. చుట్టూ బీళ్లు పొలాలయ్యాయి. కృష్ణజింకలు పెరిగి పైర్లు మేస్తుంటే రైతుకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. ఆ కోపం నాకు అన్యాయంగా తోచదు. ఇప్పుడక్కడ చెవులపిల్లి ఉంది, బట్టమేక కనబడటం గగనమైంది. దేశమంతటా కలిపి మిగిలినవి రెండు వందల లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

జైసల్మేరు దగ్గర 2019 నుంచి గుడ్లు యంత్రాలలో పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. వాటిని ఎప్పటికైనా మన బీళ్లకు తేవాలంటే, గుడ్డు పెట్టే కాలంలోనైనా మందలూ కుక్కలూ తిరగని గడ్డి కావాలి. ఆ గడ్డి ఎక్కడ వదలాలో, మేతకు బదులేమివ్వాలో ముందుగా రోళ్లపాడు రైతులతో, గొర్రెలకాపరులతో కూర్చుని మాట్లాడాలి.