చక్కెర వ్యాధిలో చూపును కాపాడే రంగుల కాంతి

కదిరి: చక్కెర వ్యాధిగ్రస్తుల కంటిలోని లోపాలను గుర్తించుటకు నీలికాంతి, చూపు పోకుండా నిలుపుటకు ఆకుపచ్చ లేజరు కాంతి నేత్రవైద్యంలో దశాబ్దాలుగా వినియోగంలో ఉన్నవి. అయితే రంగుల కాంతితో చక్కెర వ్యాధియే నయమగునన్న ప్రచారానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఈ రెండింటికీ గల భేదమును ప్రజలకు స్పష్టంగా తెలియజేయవలసిన అవసరం ఎంతైనా కలదు.

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అదుపు తప్పినచో, కంటి లోపలి గోడకు అంటియుండే రెటీనా పొరలోని సన్నని రక్తనాళాలు బలహీనపడతాయి. వాటి గోడలు చిన్న బుడగల వలె ఉబ్బి, వాటి నుండి నీరు, రక్తం ఊరుతాయి. కొన్ని నాళాలు మూసుకుపోగా, ప్రాణవాయువు అందని భాగంలో పెళుసైన కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. అవి చిట్లినచో కంటిలో రక్తం చేరి చూపు పోవచ్చును. దీనినే వైద్యులు డయాబెటిక్ రెటినోపతి అంటారు. ఆరంభ దశలో నొప్పి గాని, మసక గాని లేకపోవుటయే దీనిలోని అసలు ప్రమాదం.

వ్యాధి నిర్ధారణలో రంగుల కాంతి పాత్ర ముఖ్యమైనది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని పీల్చుకొనును. అందువలన ఎరుపును తొలగించిన ఆకుపచ్చ కాంతిలో పరీక్షించినప్పుడు రక్తనాళాలు, రక్తపు చుక్కలు నల్లగా స్పష్టమవుతాయి. మరింత వివరం అవసరమైన వారికి ఫ్లోరసీన్ అనే రంగు మందును చేతి నరంలోనికి ఎక్కించి, కంటిపై నీలికాంతిని ప్రసరింపజేస్తారు. సుమారు 490 నానోమీటర్ల నీలికాంతి తగిలిన ఆ మందు పసుపుపచ్చని వెలుగును వెదజల్లుతుంది. నాళాలు కారుతున్న చోట్లు మెరుస్తూ, మూసుకుపోయిన ప్రాంతాలు చీకటిగా ఫొటోలలో కనబడతాయి. ఈ పద్ధతిని అమెరికాలోని ఇండియానాలో వైద్య విద్యార్థులైన హెరాల్డ్ నోవోట్నీ, డేవిడ్ ఆల్విస్‌లు రూపొందించి 1961లో ప్రకటించారు. పరీక్ష అనంతరం ఒకటి రెండు రోజులు చర్మం, మూత్రం పసుపు రంగులో ఉండుట సహజం. అలర్జీ ఉన్నవారు ముందుగానే వైద్యునికి తెలుపవలెను.

చికిత్సలో సాధారణంగా 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరును వాడుతారు. రెటీనా అడుగున ఉన్న నల్లని వర్ణక పొర ఆ కాంతిని పీల్చుకొని వేడెక్కి, చిన్న చిన్న చుక్కలుగా కాలుతుంది. దానితో రెటీనాకు ప్రాణవాయువు అవసరం తగ్గి, కొత్త నాళాలు క్రమంగా ముడుచుకొంటాయి. అమెరికాలో నిర్వహించిన డయాబెటిక్ రెటినోపతి స్టడీ 1976లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, కాంతితో చేసే ఈ చికిత్స ముదిరిన దశలోని కళ్లకు తీవ్ర దృష్టి నష్టం కలుగుటను సగానికి పైగా తగ్గించినది.

ఈ చికిత్సకు పరిమితులు కూడా కలవు. లేజరు ఉన్న చూపును నిలుపుటకే గాని, పోయిన చూపును తెచ్చుటకు కాదు. కొందరిలో పక్కచూపు, రాత్రిచూపు కొంత తగ్గవచ్చును. రెటీనా మధ్యభాగంలో నీరు చేరి చూపు తగ్గినవారికి నేడు కంటిలో ఇచ్చే ఇంజెక్షన్లు ప్రధాన చికిత్సగా ఉన్నవి. వీటిలో ఏదియు చక్కెర వ్యాధిని నయం చేయదు. మందులు, ఆహార నియమం, రక్తపోటు అదుపు యథావిధిగా కొనసాగించవలసియుండును.

తలుపుల, తనకల్లు, గాండ్లపెంట, నల్లచెరువు, నంబులపూలకుంట మండలాలతో కూడిన కదిరి ప్రాంతం వర్షాధార మెట్ట ప్రాంతం. పనుల కొరకు నగరాలకు వలస వెళ్లే కుటుంబాలలో ఏటేటా జరుగవలసిన కంటి పరీక్ష వాయిదా పడుట సులభం. కళ్లద్దాల కొరకు చేయు పరీక్ష, రెటీనా పరీక్ష ఒకటి కావు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన వైయస్సార్ కంటి వెలుగు తొలి దశలో పాఠశాల విద్యార్థుల కళ్లు పరీక్షింపబడినవి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు కంటిలో చుక్కల మందు వేసి గాని, ప్రత్యేక కెమెరాతో గాని రెటీనాను విడిగా పరిశీలించవలెను. జిల్లా కేంద్రమైన పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో నేత్రవైద్య విభాగం ఉచిత సేవలందించుచున్నది.

రంగుల కాంతి సర్వరోగనివారిణి అన్న వాదన కొత్తది కాదు. బొంబాయిలో జన్మించి అమెరికాలో స్థిరపడిన దిన్షా ఘడియాలి 1920లో స్పెక్ట్రోక్రోమ్ అనే రంగుటద్దాల దీపాన్ని ప్రవేశపెట్టి అనేక రోగాలు నయమగునని ప్రచారం చేశారు. 1947లో అమెరికా న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ణయించి జరిమానా విధించినది.

మన దేశంలో ఔషధాలు, అద్భుత చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం, 1954 షెడ్యూలులో చక్కెర వ్యాధి, అంధత్వం, గ్లాకోమా చేరియున్నవి. ఆ వ్యాధులు నయమగునని ప్రకటించుటయే గాక, ఆ ప్రకటన ప్రచురణలో పాలుపంచుకొనుట కూడా నేరమే. మొదటిసారి నేరానికి ఆరు మాసాల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. పత్రికల వారు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనించవలసియున్నది.

చక్కెర వ్యాధి సాధారణ రకం బయటపడిన వెంటనే, తదుపరి ఏటా ఒకసారి రెటీనా పరీక్ష చేయించుకొనవలెను. పరీక్ష జరిగిన తేదీని రోగి చికిత్స పుస్తకంలో ఆరోగ్య సిబ్బంది నమోదు చేసినచో, తప్పిపోయిన వారిని గుర్తించుట సులభమగును. చూపు బాగున్నప్పుడే పరీక్ష జరిగిననాడు మాత్రమే ఈ కాంతి పూర్తి ప్రయోజనం సిద్ధించును.